టోకెన్ లేని మేడమ్

నవంబర్ 3, సోమవారం

ఈ ఉదయం ప్రార్థనకూ మొదటి పీరియడ్‌కూ మధ్య దొరికిన సందులో నాకు పదోన్నతి కలిగింది. జీతం పెరగలేదు కనుక ఇది కల్తీ లేని పదోన్నతి. నిన్నటిదాకా నేను ఎనిమిదో తరగతికి తెలుగు టీచర్ని మాత్రమే. ఇవాళ్టి నుంచి తెలుగు, కంప్యూటర్ రెండూ నావే. మా కంప్యూటర్ సార్ రేణిగుంట దగ్గర ఏదో ఫ్యాక్టరీలో చేరిపోయాడు. పోతూ పోతూ ల్యాబ్ తాళంచెవి, ఒక చీపురు, కుడివైపు మూడో మెషీన్‌ను వీపు మీద తడితే గానీ లేవదన్న రహస్యం నా చేతిలో పెట్టాడు.

ఇంతమంది ఉండగా నేనే ఎందుకని హెచ్‌ఎం నాగవేణి మేడమ్‌ను వినయంగా అడిగాను. స్టాఫ్‌రూమ్‌లో ఎప్పుడు చూసినా చేతిలో ఫోను ఉండేది నాకేనట. ఎం.ఏ., బి.ఎడ్. చదివిన దానికంటే ఈ అర్హత ముందు అక్కరకొచ్చింది.

తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. ఆరో తరగతి నుంచే ఐఐటీకి పునాదులు తవ్వే కోచింగ్ కంపెనీ ఒకటి మా స్కూలుకు వస్తోంది. వాళ్ళకు ఏసీ ఉన్న గది కావాలి. మా స్కూల్లో ఆ భాగ్యానికి నోచుకున్నది ల్యాబ్ ఒక్కటే.

"నెలాఖరు శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉండాది లోకేశ్వరీ. ఆ పొద్దు ఈ కంప్యూటర్ల మీద పిల్లకాయలు సొంతంగా ఏం చేసినారో సూపించు. సొంతంగా అంటే సొంతంగా. లేదంటే తాళం కోచింగోళ్ళకు ఇచ్చేస్తా."

ల్యాబ్ ఉంటే నాకేం, పోతే నాకేం? వచ్చే డీఎస్సీలో గవర్నమెంటు ఉద్యోగం కొట్టి వెళ్ళిపోయేదాన్ని. ఈ విషయంలో నేను పరమ నిర్వికారంగా ఉన్నాను. సాయంత్రం ల్యాబ్ ఊడ్చి, మెషీన్లన్నీ తుడిచి, ఎన్నడో ప్రాణం పోయిన వాటిని కూడా మర్యాదకోసం తుడిచి ఇంటికొచ్చాను.

నవంబర్ 5, బుధవారం

మొదటి క్లాసు. ఈ చేతులతో చరిత్ర రాయాల్సిన దినం.

ఒకే కాగితం. అందరి తెరల మీదా అదే కాగితం. ఎవరు ఏ అక్షరం కొట్టినా అప్పటికప్పుడే అందరికీ కనబడుతుంది. దీన్ని షేర్డ్ డాక్యుమెంట్ అంటారనీ, పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఇలాగే కలిసి రాస్తారనీ, మీరూ ఈ క్షణం నుంచి అంతటివాళ్ళేననీ ఉపన్యసించాను. రాయాల్సింది కూడా చెప్పాను. తిరుపతి గురించి బయటివాళ్ళు రాసిన గైడ్లు బస్టాండు నిండా ఉన్నాయి. ఇక్కడే పుట్టి, యాత్రికుల సంచుల మధ్య నుంచి దూరి బడికొచ్చే పిల్లలు రాసింది ఒక్కటీ లేదు. కాబట్టి పేరు: "తిరుపతికి వచ్చేవాళ్ళకు మేం చెప్పేది."

అంతవరకూ బాగానే ఉంది.

పేరు ఇవ్వకుండా లోపలికి వచ్చినవాళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఒక జంతువు పేరు పెడుతుందన్న సంగతి నాకు తెలియదు. క్లాసంతా తిరుపతిని మరిచిపోయి తామెవరో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఒకమ్మాయి డాల్ఫిన్ అయి కుర్చీలో నిలబడింది. ధనశేఖర్ ముళ్ళపంది అయ్యాడు. వాడు ఇంటర్వెల్ దాకా కోలుకోలేదు.

తర్వాత అందరూ ఒకేసారి రాశారు. ఒకరి వాక్యం కడుపులోంచి మరొకరి వాక్యం పుట్టింది. తెర మీద కొంతసేపు నిలిచిన మా తొలి ఉమ్మడి వాక్యం ఇది: "అలిపిరి దగ్గర చెప్పులు బస్సెక్కి లడ్డు విడవాలి." దాన్ని సరిచేద్దామని నేను చెయ్యి పెట్టేలోపు ఎవరో మొత్తం కాగితాన్ని తుడిచేశారు. ముళ్ళపందే చేసిందని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. వాడు ఏడ్చాడు.

కిటికీ బయట హెచ్‌ఎం మేడమ్ నిలబడి ఉన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నవంబర్ 6

గొంతు లేదు. పాఠం సైగలతో చెప్పాను. ఇంత బాగా ఎప్పుడూ వినలేదు వాళ్ళు.

నవంబర్ 10, సోమవారం

నేను ల్యాబ్‌లోకి అడుగుపెట్టేసరికి రాజ్యం మారిపోయింది.

యోగానంద అని ఒకడున్నాడు. వాళ్ళ నాయన రాజారత్నం ఆటో తోలుతాడు. వీడు క్లాసులో నోరు విప్పడం తక్కువ, గమనించడం ఎక్కువ. వాడి ఆధ్వర్యంలో ప్రతి మెషీనూ ఒక కంపార్ట్‌మెంటు అయింది. టేబుళ్ళ మీద సుద్దతో నంబర్లు పడ్డాయి. పాత పరీక్ష పేపర్లు చింపి టోకెన్లు చేశారు. టోకెన్ వచ్చినవాళ్ళు రాయాలి. మిగతా క్లాసంతా తమ తమ తెరల మీద చదువుతూ కూర్చోవాలి. వంతు అయినాక లైను చివరికి పోవాలి.

ఎక్కడైనా క్యూలు ఉంటాయి. కానీ కలిసి రాసే సాఫ్ట్‌వేర్‌కు కంపార్ట్‌మెంట్లు కట్టే పిల్లలు ఈ ఊళ్ళోనే పుడతారు.

వీఐపీ బ్రేక్ ఉందా అని ఎకసెక్కంగా అడిగాను. ఉండాలా వద్దా అని వాళ్ళు నిజంగానే ఓటింగ్ పెట్టుకున్నారట, ఓడిపోయిందట. ఒంటికి పోవాల్సిన వాళ్ళకు మాత్రం శీఘ్రదర్శనం.

ఈ సాఫ్ట్‌వేర్ గొప్పతనమే అందరూ ఒకేసారి రాయగలగడం, మీరు చేసేది విమానం కొని ఎద్దులు కట్టడం అని అరిచాను. యోగానంద నా మాట పూర్తిగా విన్నాడు. దారి తెలియని యాత్రికులు అడ్డదిడ్డంగా వాదిస్తుంటే ఈ ఊరివాళ్ళ ముఖంలో ఒక ఓర్పు కనిపిస్తుంది. అదే ఓర్పు.

"అందురూ ఒక్కతూరే తోసుకుంటే ఎవురికీ దర్శనం కాదు మేడమ్. లైన్లో పోతే లేటయినా అయితాది."

ఈ రోజు కాగితం మీద ఒక పూర్తి పేరా నిలబడింది.

నవంబర్ 11

మా నాయన చెంగయ్య రైల్వే స్టేషన్ ఎదుటి వీధిలో లాడ్జి కౌంటర్లో కూర్చుంటాడు. ఆయనకు క్యూ అంటే వృత్తి, భక్తి, వేదాంతం. పిల్లలు నా సాంకేతిక విప్లవాన్ని లైన్లో నిలబెట్టారని ఫిర్యాదు చేశాను. ఆయన ఇడ్లీ తుంచడం ఆపి చాలాసేపు ఆనందించాడు.

"ఆ పిల్లోడు చెప్పింది న్యాయమేమే. నీకు లైను వాల్యూ యాడ తెలుస్తాది? పుట్టేటప్పుడు కూడా టైముకు ముందరే తోసుకోనొచ్చినావు."

నవంబర్ 12, బుధవారం

వాళ్ళు రాసినవి కొన్ని ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"మా ఊరికి వచ్చేవాళ్ళు కొండను చూస్తా నడుస్తారు. అందుకే మమ్మల్ని గుద్దుకుంటారు. మేం ఏమీ అనుకోం."

"గుండు కొట్టించుకున్నాక టోపీ అమ్మడానికి వస్తారు. కొనొద్దు. తలకు గాలి తగిలితే శానా బాగుంటాది. ఇది అనుభవం."

ఇది కృపామణిది. వాళ్ళమ్మ పెద్దాస్పత్రిలో నర్సు: "దూరం నుంచి డాక్టరు కోసం వచ్చినవాళ్ళు భయంతో అన్నం తినరు. తినండి. డాక్టరు ఎట్లాగూ లేటుగానే వస్తారు."

మూడోది రెండుసార్లు చదివాను.

బడి వాళ్ళు బయటపెట్టే కాగితానికి మొదట ఒక మంచి వాక్యం ఉండాలి కదా. అందుకని పైన "ఆధ్యాత్మిక సౌరభాలు వెదజల్లే పరమ పావన పుణ్యక్షేత్రం తిరుపతి" అని చేర్చాను. అంతే. ఇది మార్చడం కాదు. పిల్లను ఫంక్షన్‌కు పంపేముందు తల దువ్వడం.

నవంబర్ 13

ఈ రోజు ఏమీ ముట్టుకోలేదు. ఒక విశేషణం తప్ప.

నవంబర్ 14

బాలల దినోత్సవం. చాక్లెట్లు, ఉపన్యాసాలు, ఒక డ్యాన్సు. రెండు పేరాలు తప్ప ఏమీ ముట్టుకోలేదు.

నవంబర్ 18, మంగళవారం

వాన. నిన్న సాయంత్రం నుంచి ఆగలేదు. కలెక్టర్ గారు సెలవు ప్రకటించారు. మా వీధి నిండా నీళ్ళు, నీళ్ళలో చెప్పులు, చెప్పుల వెంట మనుషులు.

కాఫీ కలుపుకుని కిటికీ పక్కన కూర్చుని, ఊరికే, ఏ ఉద్దేశమూ లేకుండా, ఫోన్లో మా కాగితం తెరిచాను. అది కదులుతోంది.

సెలవు రోజు వీళ్ళెవరూ బడి మొహం గుర్తుపెట్టుకోరనుకున్నాను. అమ్మల ఫోన్లలోంచి, అన్నల ఫోన్లలోంచి అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు కర్సర్ గీత, గీత మీద పేరు. రాసేది మాత్రం ఒక్కరే. మిగతా గీతలు పక్కన నిలబడి ఉన్నాయి. మార్జిన్‌లో యోగానంద ప్రకటనలు పెడుతున్నాడు: "ఇప్పుడు కృపామణి. తరువాత ధనశేఖర్. వెనకోళ్ళు తొందర పడొద్దు." వాళ్ళ ఇంటి ముందు ఆటో నీళ్ళలో ఆగిపోయుంటుంది. వాడు మాత్రం లైను నడుపుతున్నాడు.

వాన, కాఫీ, తెర మీద ఒక్కో అక్షరం మొలవడం. ఉద్యోగంలో చేరినాక ఇంత సుఖంగా ఎప్పుడు కూర్చున్నానో గుర్తు లేదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

కృపామణి ఆస్పత్రి పేరాకు ఇంకో నాలుగు మాటలు చేరుస్తోంది. డాక్టరు అన్న మాట మరీ బోసిగా కనిపించింది నాకు. దాని ముందు "ప్రాణదాతలైన వైద్యనారాయణుల" అని పెట్టాను. మాయమైంది. నెట్ సరిగా లేదేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ మాయమైంది. మూడోసారి నేను "ప్రాణదాత" దాకా వచ్చేసరికి కృపామణి గీత తోక వైపు నుంచి ఒక్కో అక్షరం తింటూ వచ్చింది. కాసేపు నేను పెట్టడం, అది తినడం. తర్వాత మార్జిన్‌లో ఒక వాక్యం వచ్చింది.

"మేడమ్, ఇప్పుడు నా టోకెన్. మీకు టోకెన్ లేదు."

తెలుగు టీచర్‌కు టోకెన్ అక్కర్లేదని రాశాను.

దాని కింద యోగానంద: "వీఐపీ బ్రేక్ రద్దయింది మేడమ్."

ఫోను పక్కన పెట్టేశాను. ఉక్రోషం ఏమీ లేదు. ఛార్జింగ్ అయిపోయింది.

నవంబర్ 19

బడి తెరిచారు. ఛార్జింగ్ నిండుగా ఉంది. నిన్న మాయమైనవాటిని మళ్ళీ పెట్టాను. ఇంకో మూడు చోట్ల కూడా.

నవంబర్ 20, గురువారం

హెచ్‌ఎం మేడమ్ చెప్పకుండా ల్యాబ్‌కు వచ్చారు. ముందు కంపార్ట్‌మెంట్లు చూశారు, టోకెన్లు చూశారు. తర్వాత కళ్ళద్దాలు సవరించుకుని తెర మీద మొదటి వాక్యం చదివారు. రెండోసారి చదివారు. పక్కనే ఉన్న ధనశేఖర్‌ను ఇది ఎవరు రాశారని అడిగారు.

ధనశేఖర్ అబద్ధం చెప్పలేడు. వాడి దగ్గర అంత సరుకు లేదు.

"మేడమ్ రాసింది మేడమ్. మేం తీసేస్తా ఉంటాం. మళ్ళీ మొలుస్తా ఉంటాది."

నన్ను వరండాలోకి పిలిచారు. అరవలేదు. అరిచి ఉంటే సులభంగా ఉండేది.

"నీ తెలుగు బాగుంటాదని నాకు తెలుసు. అందుకే కదా ఉద్యోగం ఇచ్చింది. నేను అడిగింది పిల్లకాయలది."

మీటింగ్ రోజు పిల్లలు అందరి ముందూ రాయాలట. నేను వెనక బెంచీలో కూర్చోవాలట, నోరు విప్పకూడదట. నా చెయ్యి పడిన ఆనవాలు ఒక్కటి కనిపించినా తాళం చేతులు మారుతుందట.

నవంబర్ 21

ల్యాబ్ పోతే నాకేం అని ఈ నెల మొదట్లో ఇందులో రాసి ఉంది. చేతిరాత నాదే. ఎవరు రాశారో మాత్రం తెలియడం లేదు.

కాగితాన్ని పాత రోజుకు తిప్పే సదుపాయం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. నేను చెయ్యి పెట్టకముందటి రోజుకు తిప్పితే నాది మొత్తం పోతుంది. వాన రోజు పిల్లలు రాసిందంతా కూడా పోతుంది. సాంబారులో నుంచి ఉప్పు ఏరడం ఎలా?

నవంబర్ 24, సోమవారం

పిల్లలకు జరిగిందంతా చెప్పేశాను. ల్యాబ్ సంగతి, కోచింగ్ సంగతి, నా సంగతి. మీ వాక్యాల్లో నావి కలిపేశాను, ఇప్పుడు ఏది ఎవరిదో విడదీయాలి, ఎలాగో మీరే చెప్పండి అన్నాను. క్లాసు కొంచెంసేపు తమలో తాము మాట్లాడుకుంది. యోగానంద లేచాడు.

"గుండు కొట్టేద్దాం మేడమ్."

ఊళ్ళో రోజుకు ఎన్ని వేల తలలు నున్నగా అవుతాయో చూస్తూ పెరిగిన పిల్లలు. వాళ్ళకు ఇంతకంటే మంచి ఉపాయం ఎలా తోస్తుంది?

టోకెన్ ప్రకారం ఒక్కొక్కరు ఒక పేరా గట్టిగా చదివారు. అనుమానం వచ్చిన చోట ఆగి నా వైపు చూశారు. నేను లేచి నిలబడి "నాదే" అనాలి. అనగానే కృపామణి దాన్ని తీసేస్తుంది. ఆ పిల్ల చేతి నేర్పు చూస్తే పోయిన జన్మలో కల్యాణకట్టలో పనిచేసి ఉంటుంది. సౌరభాలు రాలాయి. వెదజల్లే రాలింది. పరమ పావన రెండు ముక్కలుగా రాలింది. వైద్యనారాయణులు రాలుతుంటే క్లాసు చప్పట్లు కొట్టింది. ఎం.ఏ.లో రెండేళ్ళు పెంచుకున్న జుట్టంతా నా కళ్ళ ముందే పోయింది. స్వామికే అనుకున్నాను.

ఒక చోట ఆగారు. "గోధూళి వేళ ఆటోలన్నీ ఇండ్లకు చేరతాయి." ఎనిమిదో తరగతికి గోధూళి ఎక్కడిది? గుర్తు లేకపోయినా "నాదే" అనేశాను. కృపామణి చెయ్యి మీటల మీదికి పోయింది. ధనశేఖర్ కుర్చీ తోసుకుని లేచాడు. ముళ్ళపంది అయిన రోజు కూడా వాడి మొహం అంత చిన్నబోలేదు.

"కాదు మేడమ్, అది నాది. మీరే పోయిన నెల పాఠంలో చెప్పినారు. మా వీధిలో ఆవులు లేవు గదా, అందుకని ఆటోలు పెట్టినా."

క్లాసు చర్చించింది. వాక్యం ఉంచారు.

నేను నల్లబల్ల వైపు తిరిగి చాలాసేపు దాన్ని తుడిచాను. దాని మీద ఏమీ రాసి లేదు.

నవంబర్ 28

రేపే మీటింగ్. నాకేమీ భయం లేదు. మధ్యాహ్నం రెండుసార్లు భోంచేశాను.

నవంబర్ 29, శనివారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

ల్యాబ్ నిండిపోయింది. తల్లిదండ్రులు గోడల వెంబడి, కిటికీల బయట, కొందరు టేబుళ్ళ మీద. ముందు వరుసలో హెచ్‌ఎం మేడమ్, ఆవిడ పక్కన కోచింగ్ కంపెనీ నుంచి టై కట్టుకుని వచ్చిన ఒకాయన. ఆయన అప్పుడప్పుడూ పైకి చూసి ఏసీ గాలి ఎటు తగులుతుందో అంచనా వేస్తున్నాడు. నేను వెనక బెంచీలో చేతులు కట్టుకుని. గోడ మీద పెద్ద తెర, తెర మీద మా కాగితం. గుండు తర్వాత అది చిన్నగా, నున్నగా, ఆరోగ్యంగా ఉంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో అందరూ ఒకేసారి రాయవచ్చని విన్నానని, అలా రాసి చూపించమని హెచ్‌ఎం మేడమ్ పిల్లలను అడిగారు. ముప్పై వేళ్ళు ఒకేసారి పడితే మొదటి రోజు లాగే చెప్పులు మళ్ళీ బస్సెక్కుతాయి. చెప్పడానికి నాకు నోరు లేదు.

యోగానంద లేచి నిలబడ్డాడు.

"కుదరదు మేడమ్. లైన్లో రావాల."

స్కూల్లో ఆవిడకు కుదరదని చెప్పినవాళ్ళను నేను చూడలేదు. అప్పుడు కిటికీ దగ్గర ఎవరో పెద్దమనిషి "న్యాయమే కదప్పా" అన్నాడు. గదిలో తలలన్నీ ఊగాయి. తిరుపతిలో లైను మాట తీసేయగల మొనగాడు ఎవడు?

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి రాశారు. నెట్ నీరసంగా ఉంది, అక్షరాలు మెట్లెక్కి వచ్చినట్టు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఎవరూ విసుక్కోలేదు. ఒకరు రాస్తుంటే మిగతా పిల్లలు అది చాలదని, ఇది ఎక్కువైందని కూర్చున్న చోటి నుంచే చెప్పారు. టోపీ పేరా దగ్గర గుండుతో వచ్చిన ఒక తండ్రి తల తడుముకుని నిజమేనన్నాడు.

యోగానంద వాళ్ళ నాయన రాజారత్నం తానూ ఒక మాట రాయవచ్చా అని అడిగాడు. టోకెన్ ఇచ్చారు. ఆయన చెబుతుంటే కృపామణి కొట్టింది: "ఆటో ఎక్కకముందే బాడుగ మాట్లాడుకోండి. మాట్లాడకుండా ఎక్కితే దిగేటప్పుడు మీకూ కష్టం, మాకూ కష్టం." అందరూ మెచ్చుకున్నారు. ఆ ఊపులో ఆయన తన ఫోన్ నంబరు కూడా చెప్పాడు. అది తెర మీద పడీ పడకముందే కన్నకొడుకు వచ్చి తుడిచేశాడు. గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజారత్నమే.

ఆ తర్వాత ఇంకా ఇద్దరు ముగ్గురు టోకెన్లు తీసుకున్నారు. హెచ్‌ఎం మేడమ్ లేచారు. స్కూలు తరఫున ఒక వాక్యం తానే రాస్తానని కీబోర్డు దగ్గరికి నడిచారు. యోగానంద చెయ్యి చాచాడు. చేతిలో టోకెన్.

"నాక్కూడానా?"

"మీ ముందర ముగ్గురు ఉండారు మేడమ్."

ఆవిడ టోకెన్ తీసుకుని బెంచీలో, పూలమ్మే ఒకామె పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. టై ఆయన గడియారం చూసుకున్నాడు. మేడమ్‌ను ముందు పంపించే దారి ఏదైనా ఉందా అని ఒక పిల్లను అడిగాడు. ఆ పిల్ల ఆయనకు కూడా టోకెన్ ఇచ్చింది.

మేడమ్ వంతు వచ్చింది. ఒక్క వేలితో, ఒక్కో మీట వెతుక్కుంటూ కొట్టారు. తెర మీద మెల్లగా పడింది: "పరమ పవిత్ర పుణ్యక్షేత్రమైన"

"గుండు," అంది క్లాసు మొత్తం, ఒక్క గొంతుతో.

నేను బెంచీ కిందికి వంగి చెప్పు వెతుక్కున్నాను. అది కాలికే ఉంది. ఎంతసేపు వంగి ఉన్నానో తెలియదు. తల ఎత్తేసరికి మేడమ్ పిల్లల వైపు చూస్తున్నారు, పిల్లలు ఆవిడ వైపు చూస్తున్నారు, ఎవరూ భయపడడం లేదు. తర్వాత ఆవిడ తెర వైపు తిరిగారు. చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా ఒక్కొక్కటే తానే తుడిచారు. కొంతసేపు ఖాళీ. మళ్ళీ వేలు కదిలింది.

"నేను పెండ్లయి పలమనేరు నుంచి వచ్చిన కొత్తలో గోవిందరాజస్వామి గుడి దగ్గర దారి తప్పి ఏడ్చాను. గాజుల అంగడి ఆమె అంగడి మూసి, నన్ను ఇంటిదాకా తీసుకొచ్చి వదిలింది. ఈ ఊళ్ళో దారి తప్పితే సిగ్గుపడకుండా ఏడవండి. ఎవరో ఒకరు వస్తారు."

పూలమ్మే ఆమెకు చదువు రాదేమో, పక్కనున్న పిల్ల ఆమెకు నెమ్మదిగా చదివి వినిపించింది. కృపామణి అంతా రెండుసార్లు చూసుకుని తీర్పు చెప్పింది.

"ఇది ఉండనీండి మేడమ్."

మీటింగ్ అయినాక వరండాలో నన్ను పిలిచారు. పొద్దున నా దగ్గర తీసుకున్న తాళంచెవి మళ్ళీ నా చేతిలో పెట్టారు. వేరే సంగతి చెప్పారు.

"కోచింగోళ్ళకు స్టాఫ్‌రూమ్ ఇస్తా ఉండా. ఏసీ వాళ్ళే బిగించుకుంటారంట. టీచర్లంతా సోమవారం నుంచి వరండాలో కూర్చోండి. ఈ మాట మిగతావాళ్ళకు నువ్వే చెప్పు."

నవంబర్ 30

స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో చెప్పాను. ఎవరూ జవాబివ్వలేదు. లెక్కల సార్ మాత్రం గ్రూపు నుంచి వెళ్ళిపోయారు.

డిసెంబర్ 2, మంగళవారం

వరండా బాగుంది. లెక్కల సార్ కుర్చీ నా కుర్చీకి వీపు పెట్టి వేసుకున్నారు. ఎండ ఆయన వైపు, నీడ నా వైపు. ఈ విషయంలో నా కుట్ర ఏమీ లేదు.

మధ్యాహ్నం కృపామణి వాళ్ళమ్మ ఫోన్ నుంచి ఒక లింక్ వచ్చింది. కొత్త కాగితం. "రేణిగుంటలో దిగేవాళ్ళకు." నేను అంశం ఇవ్వలేదు. రాయమని చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే మొదలుపెట్టారు.

తెరిచాను. ఏదో తేడాగా ఉంది. రాయడానికి నొక్కితే గీత రావడం లేదు. ఫోను ఆపి మళ్ళీ పెట్టాను. అప్పుడు పైన చిన్న అక్షరాలు కనిపించాయి. ఈ కాగితం యజమాని కృపామణి. నాకు ఇచ్చిన అనుమతి: చూడడం మాత్రమే.

లోక కల్యాణం కోసం ఎం.ఏ. తెలుగు చదివిన మనిషికి చూడడం మాత్రమే. అనుమతి కోరుతూ ఒక అర్జీ పంపే మీట అక్కడే ఉంది. దాని మీద వేలు పెట్టి కొంతసేపు ఉంచాను. తర్వాత ఆ చేతికి టీ గ్లాసు ఇచ్చాను.

తెర మీద ఒక గీత కదిలింది. ఎవరో రాస్తున్నారు. "రేణిగుంట స్టేషన్లో రైలు ఆగితే శానామంది తిరుపతి వచ్చేసిందనుకుని దిగేస్తారు. రైలు పోయినాక బోర్డు చూసుకుంటారు. అట్లా దిగినవాళ్ళను చూసి మేం"

గీత అక్కడ ఆగిపోయింది. మిణుకుమిణుకుమంటూ అక్కడే ఉంది. ఆ ఖాళీలో పెట్టడానికి నా దగ్గర మంచి క్రియలు ఉన్నాయి. చేయూతనిస్తాం ఉంది. దారి చూపిస్తాం ఉంది. అతిథులుగా భావించి ఆదరిస్తాం కూడా ఉంది. టీ చల్లారుతోంది, లెక్కల సార్ ఎండకు గొడుగు విప్పుతున్నారు, గంట కొట్టేస్తారేమోనని భయంగా ఉంది. అయినా అలాగే చూస్తూ కూర్చున్నాను.

గీత కదిలింది.

"నవ్వం. ఇంటికి పోయినాక నవ్వుకుంటాం."